వెండి రంగు కింద ఏదీ దాగదు: 1/72 నాట్ విమానం మోడల్ చేసిన నా అనుభవం

రంగు పూర్తిగా ఆరిందని నమ్మకం కుదిరాక టేబుల్ లైటును బాగా కిందికి వంచి, విమానాన్ని ఆ వెలుగులో పక్కవాటుగా పట్టుకుని చూశాను. వీపు మీద, కాక్‌పిట్ వెనక నుంచి తోక మొదలు దాకా, వెంట్రుకంత గీత ఒకటి పొడుగ్గా కనిపించింది. బాడీ రెండు ప్లాస్టిక్ సగాలు అతికించిన చోటు అది. అక్కడ పుట్టీ పెట్టాను, అరగదీశాను, గోటితో గీరి చూసుకున్నాను. ఏమీ తగల్లేదు. ప్రైమర్ వేసినప్పుడూ కనిపించలేదు. వెండి రంగు పడ్డాక బయటికి వచ్చింది. రెండు నెలల పని. ఇలాగే వదిలేయనా, రంగంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టనా అని ఆ రాత్రి చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకునే కూర్చున్నాను.

అంతకు ముందు నేను చేసినవన్నీ కామొఫ్లాజ్ రంగుల విమానాలే. ఆకుపచ్చ, మట్టి రంగు, బూడిద రంగు. మెరుపు లేని ఆ రంగులు చిన్న చిన్న లోపాల్ని తమలో కలిపేసుకుంటాయి. అల్యూమినియం రంగు అలా కాదు. ప్రతి మిట్టనీ ప్రతి గుంటనీ వెలుగు పట్టి చూపిస్తుంది. 1/72 స్కేల్ అంటే అసలు విమానంలో డెబ్బై రెండో వంతు. మోడల్ మీద మిల్లీమీటరులో పదో వంతు గాడి పడిందంటే, అసలు విమానం మీద ఏడు మిల్లీమీటర్ల గాడి పడ్డట్టు లెక్క. అలాంటి గాడి ఉన్న విమానాన్ని ఎవరూ గాల్లోకి పంపరు. అందుకే వెండి రంగు విమానం చేయాలంటే ఇన్నాళ్లూ భయపడుతూ వచ్చాను.

ఈ పనికి పూనుకోవడానికి కారణం మా మేనమామ. భారత వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీ మరమ్మతులు చూసే పనివాడిగా చేరి, 1970ల్లో కొన్నేళ్లు నాట్‌ల మీద పనిచేశాడు. నాట్ అంటే ఇంగ్లీషులో దోమలాంటి చిన్న పురుగు. ఆ విమానానికి ఆ పేరు సరిగ్గా సరిపోతుంది. బ్రిటన్‌లోని ఫోలాండ్ సంస్థలో టెడ్డీ పెటర్ అనే డిజైనర్ గీసిన విమానం అది. యుద్ధ విమానాలు ఏటికేడు బరువెక్కిపోతున్నాయనీ, తేలిగ్గా, చౌకగా ఒకటి చేయొచ్చనీ ఆయన వాదన. 1955 జులై 18న అది మొదటిసారి ఎగిరింది. రెక్కల కొస నుంచి కొసకు 6.73 మీటర్లు, పొడవు 8.74 మీటర్లు, ఎత్తు రెండున్నర మీటర్ల లోపే. తమ దేశంలో బ్రిటిష్ వాయుసేన దాన్ని యుద్ధ విమానంగా తీసుకోలేదు, రెండు సీట్ల శిక్షణ విమానంగా వాడుకుంది. మనం మాత్రం యుద్ధ విమానంగానే తీసుకున్నాం. బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) లైసెన్సు మీద వాటిని తయారుచేసింది.

1965 యుద్ధంలో పాకిస్తాన్ వాయుసేన దగ్గర ఎక్కువగా ఉన్నవి సేబర్లు అనే అమెరికన్ జెట్ యుద్ధ విమానాలు. నాట్‌కి సేబర్ స్లేయర్, అంటే సేబర్లని కూల్చేది, అనే పేరు అప్పుడే వచ్చింది. ఆ సెప్టెంబర్ 3న స్క్వాడ్రన్ లీడర్ ట్రెవర్ కీలర్ సాధించిన విజయాన్ని మన వాయుసేన తన తొలి గగనతల విజయంగా లెక్కిస్తుంది. ఆయనకీ, ఆయన సోదరుడు డెంజిల్ కీలర్‌కీ ఇద్దరికీ వీర చక్ర వచ్చింది. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ ఎయిర్‌ఫీల్డ్ మీద సేబర్లు బాంబులు వేస్తుండగా రన్‌వే మీద నుంచి లేచి వాటితో తలపడిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్ జీత్ సింగ్ సెఖోన్ నడిపింది కూడా నాట్‌నే. ఆ పోరాటంలో ఆయన చనిపోయారు. వాయుసేనలో పరమవీర చక్ర పొందిన ఒకే ఒక్కరు ఆయన. సెఖోన్ పేరు చెప్పేటప్పుడు మామయ్య ఇప్పటికీ కాసేపు ఆగి, గొంతు సవరించుకుని గానీ మాట్లాడడు.

మామయ్యకి డెబ్బై అయిదు దాటాయి. తను చేతులు పెట్టి పనిచేసిన విమానాన్ని ఆయన చేతిలో పెట్టాలనిపించింది. 1965 నాటి రూపంలో, ఒంటికి రంగు లేకుండా, లోహం లోహంలాగే మెరుస్తూ ఉండాలి. ఆయన పనిచేసే నాటికి నాట్‌ల మీద కామొఫ్లాజ్ ఉండేదట గానీ, మరమ్మతుకి రంగు ఊడదీసినప్పుడు లోపలి లోహాన్ని చూశానని చెప్పాడు. "రేకు రేకుకీ తేడా ఉంటుందిరా. ఒకటి తళుక్కుమంటుంది, పక్కది మసగ్గా ఉంటుంది. ఒకే అల్యూమినియం అయినా అంతే," అన్నాడు. ఆ మాట కాగితం మీద రాసుకుని బల్ల ముందు అతికించుకున్నాను.

తెప్పించుకున్న కిట్ షార్ట్ రన్ రకం. అంటే తక్కువ ఒత్తిడి మీద, తక్కువ సంఖ్యలో పోసే అచ్చు. పెద్ద కంపెనీల కిట్లలో ఒక ముక్క మీద పుల్ల, రెండో ముక్కలో దానికి సరిపోయే చిల్లు ఉంటాయి, నొక్కితే కూర్చుంటాయి. ఇందులో అవేమీ లేవు. అంచుకి అంచు ఆనించి మనమే నిలబెట్టాలి. స్ప్రూ, అంటే ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం, నుంచి ముక్కల్ని కట్టర్‌తో తుంచేటప్పుడు ముక్కకి ఆనించి కాకుండా కాస్త దూరంగా తుంచి, మిగిలిన మొదలుని బ్లేడుతో చెక్కుతాను. ఆనించి తుంచితే ప్లాస్టిక్ తెల్లబడి లోపలికి చిరుగుతుంది, ఆ మచ్చ వెండి రంగు కింద కనిపిస్తుంది. మొదటి రోజు చేసింది ఒక్కటే, ముక్కలన్నిటినీ సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టడం. అచ్చు నుంచి ముక్క సులువుగా ఊడి రావడానికి రాసే జిడ్డు మీద మిగిలి ఉంటే రంగు పట్టదు.

బాడీ రెండు సగాల్నీ టేపుతో కలిపి, రెక్కలు పెట్టి చూసుకున్నాను. రెక్కల కొస నుంచి కొసకి తొమ్మిది సెంటీమీటర్ల పైన కాస్త. పాత పెట్టెలో ఉన్న 1/72 సేబర్‌ని తీసి పక్కన పెట్టాను. దాని రెక్కలు దాదాపు పదహారు సెంటీమీటర్లు. లెక్కల్లో ఎన్నిసార్లు చదివినా, ఆ రెండూ ఒకే బల్ల మీద పక్కపక్కన కనిపించినప్పుడు గుండెలో ఏదో కదిలింది. ఇంత చిన్నదానిలో కూర్చుని అంత పెద్దదాని వెనక పడ్డారు. గాల్లో కంటికి దొరక్కపోవడం కూడా దానికి ఒక బలమే.

కాక్‌పిట్ గురించి ఎక్కువ చెప్పను. కానోపీ, అంటే పైలట్ తల మీది అద్దపు మూత, మూసేస్తే కనిపించేది సీటు పై భాగం, ముందున్న ప్యానెల్ పై అంచు మాత్రమే. ఫోలాండ్ వాళ్లే చేసుకున్న తేలికపాటి ఎజెక్షన్ సీటు నాట్‌లో ఉండేది. దానికి మాస్కింగ్ టేపుని సన్నగా కోసి బెల్టులు పెట్టాను. మిగతాది నలుపు, బూడిద రంగులతో ఒక సాయంత్రంలో అయిపోయింది.

బరువు సంగతి మాత్రం చాలా టెన్షన్ పెట్టింది. ముందు చక్రం ఒకటి, వెనక చక్రాలు రెండు ఉన్న విమానం మోడల్‌గా చేస్తే చాలాసార్లు తోక మీద కూలబడుతుంది. అసలు విమానంలో ముందు వైపున యంత్ర సామగ్రి బరువుంటుంది, మోడల్‌లో ఉండదు. కాబట్టి ముక్కులో బరువు పెట్టాలి. కానీ నాట్ ముక్కు చిటికెన వేలి కొసంత. అందులో సగం కాక్‌పిట్టే తినేస్తుంది. గాలానికి కట్టే చిన్న సీసం గుండ్లని సుత్తితో నలగ్గొట్టి, కాక్‌పిట్ నేల కింద, సీటు వెనక, ముక్కు కొసలో ఎక్కడ సందుంటే అక్కడ కూరాను. సీసాన్ని తెల్ల జిగురుతో అతికించకూడదు. ఆ రెండూ కలిసి నెమ్మదిగా తుప్పులాంటి పొడి పుట్టి ఉబ్బుతుంది. కొన్నేళ్లకి అతుకు విచ్చుకున్న మోడల్స్ ఉన్నాయి. అందుకని ఎపాక్సీ వాడాను. తర్వాత అన్ని ముక్కల్నీ టేపుతో కట్టి, వెనక చక్రాలు వచ్చే చోట కింద పెన్సిల్ పెట్టి చూశాను. తోక దిగింది. మళ్లీ విప్పి ఇంకో రెండు గుండ్లు. మళ్లీ దిగింది. ఏడు గ్రాములు పట్టాక ముక్కు వాలింది. మూసేశాక ఇక బరువు పెట్టే దారి ఉండదు కాబట్టి, ఇంకో గ్రాము ఎక్కువే వేసి అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

ఈ మోడల్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇన్‌టేక్‌లు. కాక్‌పిట్‌కి రెండు వైపులా ఉండే గాలి ద్వారాలు. లోపలికి చూస్తే గొట్టం నున్నగా వెనక్కి పోతూ చీకట్లో కలిసిపోవాలి. కిట్‌లో ఒక్కో గొట్టం రెండు ముక్కలు, వాటి మధ్య అతుకు సరిగ్గా కంటికి ఎదురుగా వస్తుంది. అగ్గిపుల్లకి 600 నంబరు వాటర్ పేపర్ చుట్టి లోపల తిప్పాను. అతుకు పైభాగం పోయింది గానీ లోపలి మలుపు దాకా పుల్ల చేరదు. అక్కడ ఒక పాత పద్ధతి ఉంది. పలచగా కలిపిన రంగుని గొట్టంలో పోసి, అటూ ఇటూ వంచి తిప్పి, రెండో వైపు నుంచి కారిపోనివ్వాలి. రంగు తనంతట తానే అతుకు గాడిలో చేరి నిలుస్తుంది. ఆరాక మళ్లీ పోయాలి. నాలుగుసార్లు పోశాను, ఒక్కోసారికీ మధ్య ఒక రోజు. నాలుగో రోజు టార్చి వేసి చూస్తే లోపల గీత లేదు.

ఆ ఇన్‌టేక్‌ల పక్కనే తుపాకీ రంధ్రాలు. నాట్‌కి 30 మిల్లీమీటర్ల ఎడెన్ ఫిరంగులు రెండు, ఒక్కో ఇన్‌టేక్ పక్కన ఒకటి. 30ని 72తో భాగిస్తే 0.42. నా దగ్గర 0.4 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ ఉంది, చేత్తో తిప్పే పిన్ వైస్‌లో పెట్టుకునేది. ముందు సూదితో చుక్క పెట్టి, బిట్‌ని నిటారుగా ఉంచి, వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ వెళ్లాను. కాస్త బలం పెడితే బిట్ విరుగుతుంది. ఎడమవైపు పది నిమిషాలు, కుడివైపు పది నిమిషాలు. అచ్చులో వచ్చిన గుంటకి నల్ల చుక్క పెడితే దూరానికి సరిపోతుంది, నిజమే. కానీ పొడిచిన రంధ్రంలో ఉండే చీకటి చుక్కలో రాదు.

రెక్కలు నాట్‌కి భుజాల ఎత్తులో ఉంటాయి, కొసలు కాస్త కిందికి వాలి ఉంటాయి. పక్షి రెక్కలు దించినట్టు. ఆ వాలు తప్పితే మిగతా ఎంత బాగున్నా అది నాట్ కాదు. ఒట్టి అంచుకి జిగురు రాసి నిలబెడితే చిన్న తోపుకే ఊడిపోతుంది. రెక్క మొదట్లోనూ బాడీలోనూ ఎదురెదురుగా రంధ్రాలు చేసి, ఇత్తడి తీగ ముక్కలు గుచ్చాను. కొలతల బొమ్మ మీద నుంచి ఆ కోణాన్ని అట్ట మీదకి దింపి, దాన్ని కోసి రెక్కల కింద ఆసరాగా పెట్టాను. జిగురు పట్టేదాకా ముందు నుంచీ వెనక నుంచీ చూస్తూనే ఉన్నాను. వెనక నుంచి చూసినప్పుడు ఎడమ రెక్క కొస ఒక వెంట్రుక ఎత్తులో ఉందనిపించి, జిగురు తడిగా ఉండగానే సరిచేశాను. కొలిచి చూస్తే తెలియనిది, ఊరికే ఎదురుగా పెట్టుకుని చూస్తే తెలుస్తుంది.

ఇక మొదట చెప్పిన ఆ అతుకు దగ్గరికి వస్తాను. ప్లాస్టిక్ మోడల్ జిగురు మామూలు జిగురులా పైపైన పట్టుకోదు. ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. రెండు అంచులూ మెత్తబడి ఒకదానిలో ఒకటి కలిసి, ద్రావకం ఆవిరై పోయాక ఒకే ముక్కగా గట్టిపడతాయి. నేను రెండు సగాల్నీ గట్టిగా నొక్కి, కరిగిన ప్లాస్టిక్ సన్నని కట్టలా పైకి పొంగేలా అతికించాను. మర్నాడే దాన్ని చెక్కి, మిగిలిన పల్లాల్లో పుట్టీ నింపి, రెండు రోజులకి అరగదీసి నున్నగా చేశాను. తప్పు అక్కడే జరిగింది. పైకి గట్టిగా ఉన్నా, లోపల ద్రావకం ఇంకా పూర్తిగా పోలేదు. అది వారాల తరబడి మెల్లగా ఆవిరవుతూ ఉంటుంది. పోయే కొద్దీ అతుకు దగ్గర ప్లాస్టిక్ లోపలికి కుంగుతుంది. పుట్టీ కూడా ఆరుతూ ముడుచుకుంటుంది. అరగదీసిన రోజు సమంగా ఉన్న చోటే నెల తర్వాత సన్నని పల్లం పడింది.

అప్పటికి దాని మీద ఎన్ని పొరలు! బూడిద రంగు ప్రైమర్, దాని మీద మెరిసే నలుపు, దాని మీద వెండి రంగు. నలుపు ఎందుకంటే, లోహపు రంగులో ఉండే పొడి చాలా మెత్తగా, పొర చాలా పలచగా ఉంటుంది. కింద ఏ ఉపరితలం ఉంటే దాన్నే అది చూపిస్తుంది. కింద అద్దంలాంటి నలుపు ఉంటే పైన లోహంలా మెరుస్తుంది. గరుకు ఉంటే బూడిద పూసినట్టు ఉంటుంది. ఆ నలుపు అద్దంలా రావడానికే మూడు రోజులు కష్టపడ్డాను.

రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున లేస్తూనే తేల్చుకున్నాను, మళ్లీ చేయాలి. మామయ్య కళ్లజోడు పెట్టుకుని చూస్తే ఆయన కన్ను మొదట పోయేది ఆ గీత మీదికే. జీవితమంతా రేకుల అతుకులు చూసిన మనిషి.

రంగు తీయడం అనుకున్నంత కష్టం కాలేదు. నలుపు ఆక్రిలిక్ రకం కావడంతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో రుద్దుతుంటే నలుపు మెత్తబడి, మీదున్న వెండిని కూడా తీసుకుని వచ్చేసింది. కిటికీలు తెరిచి, చేతులకి గ్లవ్స్ వేసుకుని, కానోపీ చోటు మూసేసి చేశాను. పాత టూత్‌బ్రష్‌తో ప్యానెల్ గీతల్లో, అంటే రేకుల అంచుల్ని చూపే సన్నని గాళ్లలో, మిగిలింది తోమాను. మధ్యాహ్నానికి మళ్లీ ప్లాస్టిక్ బయటపడింది.

ఈసారి పుట్టీ వాడలేదు. అతుకు పల్లం పొడుగునా సూపర్ గ్లూని సూది మొనతో చుక్కలు చుక్కలుగా పెట్టాను. అది ఆరినా ముడుచుకోదు. అయితే రోజుల తరబడి వదిలేస్తే ప్లాస్టిక్ కన్నా గట్టిపడి, అరగదీసేటప్పుడు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అరిగిపోయి ఇదొక్కటీ మిట్టలా మిగులుతుంది. అందుకని గంటలోపే పని మొదలుపెట్టాను. 600, 800, 1000, 1500, 2000, ఇలా వాటర్ పేపర్ నంబర్లు పెంచుకుంటూ, నీళ్లతో తడుపుతూ, ఒక్కో నంబరుకీ దిశ మార్చుతూ. ముందు నంబరు గీతలు పోయాయని తెలియాలంటే అడ్డంగా రుద్దితేనే తెలుస్తుంది. మధ్యమధ్యలో అతుకు మీద మాత్రం కుంచెతో వెండి రంగు పూసి, లైటు వంచి చూడటం మొదలుపెట్టాను. ఈ పరీక్ష మొదటిసారే చేసి ఉండాల్సింది. గీత కనిపించిన చోట మళ్లీ చుక్క, మళ్లీ రుద్దుడు. ఐదుసార్లు తిరిగి చేశాను.

రుద్దినప్పుడల్లా వీపు మీద అడ్డంగా ఉన్న ప్యానెల్ గీతలు కూడా చెరిగిపోయాయి. వాటిని మళ్లీ చెక్కాలి. గుండ్రటి బాడీ మీద స్కేలు నిలవదు కాబట్టి, పేర్లు అచ్చు వేసే గట్టి ప్లాస్టిక్ టేపుని గీత పక్కన అతికించి, దాని అంచు పట్టుకుని సూదితో లాగాను. చేతి బరువు కూడా పెట్టకుండా, ఊరికే సూది తన బరువుతో పోయినట్టు పది పన్నెండుసార్లు. మొదటి లాగుడే గట్టిగా లాగితే సూది దారి తప్పుతుంది.

తర్వాత ఏం చేశానంటే, ఏమీ చేయలేదు. ఆరు వారాలు పెట్టెలో పెట్టి మూత వేశాను. లోపల మిగిలిన ద్రావకమంతా పోవాలి. ఆ ఆరు వారాలు నాకు చాలా పొడుగ్గా గడిచాయి. తీసి మళ్లీ వెండి పూసి చూస్తే వీపు శుభ్రంగా ఉంది.

రెండోసారి నలుపు వేసేటప్పుడు చెయ్యి కుదిరింది. గది తుడిచి, నేల మీద నీళ్లు చిలకరించి, దుమ్ము అణిగాక మొదలుపెట్టాను. చివరి పొర కాస్త తడిగా పడాలి, రంగు తనే సర్దుకుని నున్నగా పరుచుకోవడానికి. మరీ తడైతే రెక్క కింద చుక్క కడుతుంది. రెండు రోజులు ఆరబెట్టి, లోహపు రంగు ఎక్కించాను. అది లాకర్ (lacquer) రకం, గాలి ఒత్తిడితో రంగు చిమ్మే ఎయిర్ బ్రష్‌లో నేరుగా పోసేంత పలచన. కంప్రెసర్ ఒత్తిడి 15 పీఎస్‌ఐ లోపే పెట్టుకుని, దగ్గరగా, పొగ తాకినంత పలచగా, ఒక చోట ఆగకుండా చెయ్యి కదుపుతూ వెళ్లాలి. ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు, వడపోత ఉన్న మాస్కు లేకుండా ఈ రంగు పెట్టె కూడా తెరవను. మొదటి పొరకి నలుపు ముదురు బూడిదైంది. రెండో పొరకి ఉక్కులా. మూడో పొరకి అల్యూమినియం! ఆ మార్పు కళ్ల ముందు జరుగుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. నాలుగో పొర వేయలేదు. ఎక్కువైతే లోతు పోయి మామూలు వెండి రంగులా తేలిపోతుంది.

అక్కడితో ఆగిపోవచ్చు. కానీ గోడ మీద మామయ్య మాట ఉంది కదా. రేకు రేకుకీ తేడా. మాస్కింగ్ టేపుని ముందు అరచేతికి అతికించి, జిగురు బలం తగ్గించి, కొన్ని ప్యానెళ్ల చుట్టూ అతికించాను. వాటిలో కొన్నిటికి ముదురు అల్యూమినియం, కొన్నిటికి కాస్త తెల్లటి వెండి ఒక్క పొర. తోక చివర, ఇంజిన్ గొట్టం చుట్టూ, వేడికి కమిలిన లోహం రంగు. టేపు తీసేటప్పుడు ప్రతిసారీ గుండె దడే. వెనక్కి మడిచి, ఉపరితలానికి ఆనించినట్టుగా మెల్లగా లాగాను. ఒక్క చోట కూడా రంగు లేవలేదు. తేడా చాలా తక్కువ, ఎదురుగా చూస్తే తెలియదు. చేతిలో తిప్పితే ఒక్కో రేకూ ఒక్కో క్షణంలో మెరుస్తుంది.

డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తుల కోసం ఒక రోజంతా పెట్టుకున్నాను. వాయుసేన చక్రంలో కాషాయం వెలుపల, దాని లోపల తెలుపు, నట్టనడుమ ఆకుపచ్చ. లోహం మీద తెలుపు పలచగా ఉంటే బూడిదలా కనిపిస్తుందేమో అని ముందు వెండి పూసిన చెత్త ముక్క మీద ఒకటి అతికించి చూసుకున్నాను. బాగానే నిలిచింది. తోక మీది మూడు రంగుల పట్టీకి ఎడమవైపుది వేరు, కుడివైపుది వేరు. రెండు వైపులా కాషాయం ముందే ఉండాలి కాబట్టి ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. తారుమారైతే సరిదిద్దే వీల్లేదు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కాగితం మీద నుంచి తడి కుంచెతో జార్చి, సరైన చోటికి తోసి, మెత్తబరిచే ద్రవం రాశాను. రాయగానే ముడతలు పడి భయపెడుతుంది. అప్పుడు ముట్టుకోకూడదు. అరగంటకి ముడతలన్నీ పోయి ప్యానెల్ గీతల్లోకి దిగి, రంగు వేసినట్టే కూర్చుంది.

డెకాల్స్ మీద అందరూ వేసే క్లియర్ కోటు, అంటే రంగులేని పై పూత, నేను వేయలేదు. వేస్తే లోహపు మెరుపు చచ్చిపోతుంది. బదులుగా, అప్పటి నుంచి చివరి దాకా నూలు గ్లవ్స్ వేసుకునే పట్టుకున్నాను. ప్యానెల్ గీతల్లో ముదురు బూడిద ఆయిల్ రంగుని బాగా పలచన చేసి, సూది మొనతో వదిలాను. నల్లరంగు వాడితే లోహం మీద గళ్ల కాగితంలా కనిపిస్తుంది.

నాట్‌లో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే ఒకటుంది. వెనక చక్రాలు రెక్కల్లో కాకుండా బాడీలోకే ముడుచుకుంటాయి, అందుకే రెక్కలు అంత పలచగా ఉండగలిగాయి. చక్రాల తలుపులే గాల్లో సగం తెరుచుకుని ఎయిర్ బ్రేకులుగా కూడా పనిచేస్తాయి. ఒక్క భాగంతో రెండు పనులు. ఆ తలుపులు కిట్‌లో వేలిగోరు కన్నా చిన్నవి. అంచులు లోపలి వైపు నుంచి అరగదీసి, కనిపించే మందం తగ్గించి పెట్టాను. కానోపీని తెల్ల జిగురుతో అతికించాను, సూపర్ గ్లూ ఆవిరికి అద్దం పొగచూరుతుంది. చక్రాల మీద నిలబెట్టాను. ముక్కు కిందే ఉంది.

మామయ్య ఇంటికి తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. కళ్లజోడు మార్చుకుని, కిటికీ దగ్గరికి జరిపి, గ్లవ్స్ ఇస్తే ఏమీ అనకుండా వేసుకున్నాడు. నేను కష్టపడ్డ వీపు వైపు చూస్తాడనుకున్నాను. ఆయన ముందు తిరగేసి పొట్ట చూశాడు. చక్రాల గుంట, తలుపులు, ఒక్కొక్కటీ వేలితో తాకకుండా చూపిస్తూ పెదాలు కదుపుతూ ఏదో లెక్క చెప్పుకున్నాడు. తర్వాత పైకి తిప్పి, వెలుగులో అటూ ఇటూ వంచాడు. రేకులు మెరిశాయి.

"ఇదేరా," అన్నాడు. చాలాసేపు ఇంకేమీ అనలేదు.

కాసేపటికి బల్ల మీద దించుతూ ఇన్‌టేక్‌ల వైపు చూపించాడు. "మూతలు ఏవీ? విమానం నేల మీద ఆగి ఉంటే వీటికి మూతలు ఉండాలి. గుడ్డపీలికో, చిన్న రాయో లోపలికి పోతే ఇంజిన్ పోతుంది. ఎర్రగా ఉండాలి, దూరానికి కనపడాలి. లేకపోతే తీయడం మర్చిపోతారు."

ఆ రాత్రే కూర్చున్నాను. పావు మిల్లీమీటరు ప్లాస్టిక్ రేకుని ఇన్‌టేక్ అంచుకి ఆనించి, పెన్సిల్‌తో ఆకారం తీసుకుని, రెండు మూతలు కోశాను. గుడ్డలా కనిపించాలని మెరుపు లేని ఎరుపు వేశాను. ఒక్కో దానికి ఎర్ర దారం పోగు అంగుళంలో ఐదో వంతు, కిందికి వేలాడేలా. జిగురు పెట్టలేదు, ఊరికే దోపితే నిలిచాయి. నాలుగు రోజులు రంగు పోసి తీర్చిన గొట్టాలు వాటి వెనక ఉన్నాయి. మామయ్య ఒక్కోసారి పట్టకారుతో మూతలు తీసి, టార్చి వేసి లోపలికి చూసి, మళ్లీ పెడుతుంటాడట. అత్తయ్య చెప్పింది.